మా తలుపు కంటికి బొట్టు

పగటిపూట వీధి తలుపు మూసి ఉంటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నారనో, ఎవరికో జ్వరమొచ్చిందనో అనుకునే రోజులవి. తొంభైల్లో, నా పెళ్లయిన కొత్తలో, సూర్యాపేట హైవే పక్క సందులో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. కోదాడ దగ్గరి అనంతగిరి నుంచి మా మామగారు ఇల్లు చూడ్డానికి వచ్చి, గుమ్మంలో నిలబడి లారీల వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. "నువ్వు పొద్దున పోతే మాపటికొస్తవ్. పిల్ల ఒక్కతే ఉంటది. ఎవడొస్తడో, ఎవడు పోతడో! వచ్చే నెల మళ్లొస్త. అప్పటికీ నా మనసు కుదరకపోతే పిల్లను తోల్కపోత" అని తేల్చేసి బస్సెక్కారు. నా గుండె జారిపోయింది. (పెళ్లికి ముందు నేను వండుకు తిన్న అన్నం గుర్తొస్తే ఎవరికైనా జారుతుంది.)

మర్నాడే హార్డ్‌వేర్ షాపుకెళ్లి, తలుపుకు బిగించే 'మ్యాజిక్ ఐ' కొనుక్కొచ్చాను. లోపలి నుంచి కన్ను పెట్టి చూస్తే బయట నిలబడ్డ మనిషి గుమ్మడికాయంత ముఖంతో కనిపిస్తాడు. వడ్లాయన తలుపుకు రంధ్రం చేసి దాన్ని బిగించి వెళ్లగానే మా ఆవిడను బయట అటూ ఇటూ నడిపించి, నేను లోపలి నుంచి మురిసిపోయాను. ఇక పగలంతా తలుపు మూయించాను. పక్కింటి పెద్దమ్మ మాత్రం దొడ్డి వైపు నుంచి వచ్చి, "ఏం బిడ్డా, మంచిగనే ఉన్నరా మీరిద్దరు?" అని రోజూ అడిగి పోయేది.

మామగారు ఒక శుక్రవారం పొద్దున వచ్చారు. మా ఆవిడ కూరగాయలకని పోయింది. తలుపు చప్పుడైంది. ఠీవిగా వెళ్లి కన్ను పెట్టాను. అంతా ఎర్రగా ఉంది! ఆ ఎరుపులో ఏదో కదులుతోంది.

"ఎవరూ?" అన్నాను.

"నేనే!"

(మన వైపు ఎవర్నడిగినా వచ్చే జవాబు ఇదే.) లారీల మోతలో గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

"నేనంటే ఎవరు?"

"నేనేనయ్యా!"

అమ్మో, దొంగకు కూడా ఇంత ధీమా ఉంటుందా అనుకుని గొళ్లెం ఇంకొంచెం బిగించాను. కాసేపటికి చప్పుడు ఆగింది. నేను మాత్రం వంగి ఆ ఎరుపులోకే చూస్తున్నాను.

"ఏం కనబడుతుంది అల్లుడూ?" అని నా వెనక నుంచే వినబడింది.

ఎగిరిపడ్డాను. చేతిలో పెరుగు గిన్నెతో మామగారు! ఆయన వెనక పెద్దమ్మ. ఇంతలో మా ఆవిడా సంచీతో వచ్చి, తలుపు కంట్లో అంతా ఎర్రగా ఉందని నేననగానే అసలు సంగతి చెప్పింది: "కొత్త వస్తువు కదా, ఇన్ని రోజులు మరిచిన, ఇయ్యాల పొద్దున గడపతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టిన."

నా పని అయిపోయిందనుకున్నాను. మామగారు మంచం మీద కూర్చుని నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. "దొడ్డి తలుపు బార్లా తీసే ఉంది. కానీ ఈ పెద్దమ్మ అడ్డం నిలబడి ఏ ఊరు, ఎవరింటికి, పిల్ల నాకేమైతది, గిన్నెల ఏముంది అని అన్నీ అడిగినంకనే నన్ను కదలనిచ్చింది. ఇగ నాకు రంది లేదు. పిల్ల ఈడనే ఉంటది" అన్నారు. ఆ పూట పెరుగన్నం అమృతంలా ఉంది.

ఇప్పుడున్న ఫ్లాటు గుమ్మానికి కెమెరా ఉంది. మా ఆవిడ ప్రతి శుక్రవారం దానికి బొట్టు పెడుతుంది, నేను తుడుస్తాను. ముఖాలన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. కానీ గిన్నెల ఏముందని అడిగేవాళ్లే ఎవరూ లేరు.