ముందు పరిగెత్తినావిడ

తుని నుంచి రాజమండ్రి వస్తూ బస్సులో, ఆసియా పోటీల్లో ఆడవాళ్ల ఎనిమిది వందల మీటర్ల పరుగు ఫోన్‌లో చూస్తున్నాను. మన అమ్మాయిలు ఇద్దరున్నారు. ఒకతె మైదానం చుట్టూ మొదటి రౌండంతా అందరికన్నా ముందుండి, రెండో రౌండులో చతికిలబడి ఆఖరున వచ్చింది. రెండో అమ్మాయికి పతకం వచ్చింది.

నా నోరు ఊరుకోదు కదా. "ఈ మాత్రం లెక్క తెలియకుండా అంత దూరం ఎలా వెళ్లిందో మహాతల్లి" అన్నాను.

పక్క సీట్లో నా వయసావిడే ఒకామె నా ఫోన్‌లోకి చూస్తోంది. "తెలియక కాదండి. ముందొకళ్లు గట్టిగా లాగితే బయట దేశాలవాళ్లు అలిసిపోతారు, మనలో రెండో ఆమె గెలుస్తుంది. అలా లాగమనే చెప్పుంటారు. నేను పరిగెత్తే రోజుల్లో మా కోచ్‌లు నాకూ అలాగే చెప్పారండి. ఆఖరునే వచ్చాను."

"మరి ఆ సంగతి జనానికి చెప్పొద్దా?" అని దబాయించాను.

"నాతో పరిగెత్తి గెలిచిన అమ్మాయి పతకం చిన్నబోతుందని, ఎవరికీ చెప్పొద్దన్నారండి. మా నాన్నకీ చెప్పలేదు. పేటంతా కూర్చుని టీవీలో చూశారంట. నేనొచ్చిన దగ్గర్నుంచీ నాన్న నన్ను నీళ్ల బిందె కూడా ఎత్తనిచ్చేవాడు కాదు. నీకు దమ్ము చాలదమ్మా, నేను తెస్తాలే అనేవాడు. చేపల వేట మానేసిన ముసలాయన, ఆయాసపడుతూ."

"ఆఖర్లోనైనా చెప్పాల్సింది."

"చెప్పానండి. అప్పటికి ఆయనకి వినపడట్లేదు."

రాజమండ్రిలో దిగేటప్పుడు పైనున్న నా బియ్యం సంచి ఆవిడే దింపి ఆటో దాకా మోసింది. వద్దనబోయి ఊరుకున్నాను.