జపాను అక్షరాల చాటున

మొన్న నా షాపుకి ఒకాయన తెర పగిలిన ఫోన్ తెచ్చాడు. కొత్త తెర వేసి ఆన్ చేయగానే ఒక ఎర్ర కారు ఆట తెరుచుకుంది. ఆ కారు నాకు తెలుసు. కుడి తలుపు మీద తెల్ల గీత, వెనక అద్దం పక్కన చిన్న నక్షత్రం. దమ్మామ్‌లో ఒక మాల్ మూడో అంతస్తులో పదకొండేళ్లు ఆ కారును తుడిచాను, దాని స్టీరింగ్ బిగించాను, సీటు చిరిగితే కుట్టించాను. ఫోన్‌లో దానికి స్టీరింగే లేదు, బొటనవేలితో తిప్పాలి. ఆయన ఫోన్ తీసుకుని వెళ్లిపోయాక కూడా నాకు కాసేపు పని మీద మనసు నిలవలేదు.

ముందే చెప్పేస్తాను, నాది అనుమానపు పుట్టుక. పాల ప్యాకెట్ కొన్నా ఒత్తి చూస్తాను. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూస్తాను. "పెండ్లి చూపులల్ల గూడ నన్ను పోలీసోని లెక్కనే చూసిండు" అని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. సౌదీలో ఆ గుణం నన్ను చాలాసార్లు కాపాడింది, ఒక్కసారి మాత్రం నిలువునా ముంచింది.

నేను జగిత్యాలలో టీవీల రిపేరు నేర్చుకుని వెళ్లినవాణ్ణి. ఇకామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులో, నా వృత్తి లోడింగ్ కూలీ. చేసేది మాత్రం మాల్‌లోని ఆటల హాల్లో మిషిన్ల మెకానిక్ పని. మిషిన్లు ఎక్కువగా జపాన్‌వి. వాటిలో ఆరు కార్ల వరుస ఒకటి ఉండేది. పిల్లల కోసం వచ్చిన తండ్రులు కూడా పిల్లల్ని లేపి తాము కూర్చునేవాళ్లు. ఆ ఆరు కార్లు తిరిగినంత కాలం హాలు నడిచేది, హాలు నడిచినంత కాలం నా ఇకామా రెన్యూ అయ్యేది.

మొదట్లో జపాన్ కంపెనీ వాళ్లు ఏడాదికోసారి ఇంజనీరును పంపేవారు. బక్కపలచటి మనిషి, మిషిన్ తలుపు తెరిచే ముందు దానికి చిన్నగా తల వంచేవాడు. నాకు నవ్వొచ్చేది. తర్వాత ఆయన రావడం మానేశాడు. స్పేర్ పార్టుల జాబితా ఏటేటా పలచబడింది. చివరికి మా మేనేజరు రాసిన మెయిలుకి, ఆ విభాగం ఇప్పుడు మొబైల్ ఆటలు మాత్రమే తయారు చేస్తుందని రెండు ముక్కల జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి ఆ కార్లకు దిక్కు నేనే. నిజం చెప్పాలంటే నాకు దిగులు కంటే సంతోషమే ఎక్కువైంది.

ఎందుకంటే ఆ మిషిన్లను సెట్ చేసే తెర మొత్తం జపాను అక్షరాల్లో ఉంటుంది. నాకు ఒక్క అక్షరం రాదు. ఇంజనీరు వేళ్లు ఎక్కడికి పోతున్నాయో చూసి నేర్చుకున్నాను. నాలుగో వరుస, రెండు నొక్కులు, స్టీరింగ్ ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా, మళ్లీ ఒక నొక్కు. ఇదంతా ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకున్నాను. తెర జపాను, పుస్తకం తెలుగు. మధ్యలో నేను లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నేను సెలవు పెట్టే ముందు రోజు రెండు కార్ల స్టీరింగ్ సెట్టింగు చెరిపేసి పోయేవాణ్ణి. తెర మీద అవి గోడకు గుద్దుకుంటూ తిరిగేవి. సెలవయ్యాక నేను వచ్చి ఐదు నిమిషాల్లో బాగుచేస్తే మేనేజరు నా భుజం తట్టేవాడు. ఈ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే కాదు, మా లేబర్ క్యాంపులో ఏసీ పని వాళ్లకూ లిఫ్టుల వాళ్లకూ ఇలాంటి విద్య ఏదో ఒకటి ఉండేది. పని నేర్పినవాడి టికెట్టే ముందు తెగుతుందని అందరం నమ్మేవాళ్లం.

అప్పుడు నితాకత్, అంటే సౌదీ వాళ్లకే ఉద్యోగాలివ్వాలనే చట్టం, గట్టిగా బిగుసుకుంది. ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీ వాళ్లను పెట్టుకోవాలి, లేకపోతే కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే రంగు మారుతుంది. ఎరుపులో పడితే విదేశీయుల ఇకామాలు ఆగిపోతాయి. దాని మీద ప్రతి విదేశీయుడి తలకూ నెలనెలా లెవీ అని పన్ను. మా కంపెనీ పసుపులో వేలాడుతోంది. ఒక ఉదయం మేనేజరు, ఈజిప్టు మనిషి, ఒక సౌదీ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పై దగ్గర ఉంటుంది. నల్ల అబాయా, తెల్ల బూట్లు, చేతిలో ఫోన్.

"సదీక్, ఈమె టెక్నికల్‌లో చేరింది. నీకు తెలిసిందంతా చూపించు" అన్నాడు. సదీక్ అంటే దోస్తు. మమ్మల్ని పేరు పెట్టి పిలవనవసరం లేకుండా అక్కడ అందరూ వాడే మాట.

ఆ సాయంత్రం నా గదిలో ఉండే, నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడికి చెప్పాను. కోరుట్ల పక్క పిల్లగాడు, ఏసీ డక్టులు బిగించే పని. వాడి పాత కంపెనీ ఎరుపులో పడ్డప్పుడు ఎనిమిది నెలలు దాక్కుని బతికాడు. "అన్నా, నీ కుర్సీ మీదికే అచ్చింది గామె" అన్నాడు. "నాకు గిట్లనే ఒకన్ని అప్పజెప్పిన్రు. నేర్పిన. నేర్పినంక నన్ను పనిలకెళ్లి తీసేసిన్రు."

"నేను నేర్పుతనా?" అన్నాను.

"నేర్పకు. నేర్పినట్టు జెయ్యి."

అలాగే చేశాను. ఐదు నెలల్లో ఆమెకు మూడు సంగతులు చెప్పాను, అందులో రెండు అబద్ధాలు. బోర్డు పెట్టె తెరవబోతే, "కరెంటు, ప్రమాదం" అని తలుపు మూసేవాణ్ణి. సెట్టింగు తెర వచ్చినప్పుడు నా వీపు అడ్డం పెట్టి నొక్కేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు, గట్టిగా అడగలేదు. అడిగి పోట్లాడే మనిషిని నేను నమ్ముతాను. ఊరికే చూసే మనిషిని అసలు నమ్మను.

పైగా ఫోటోలు. నేను వీపు తిప్పగానే ఆమె తెరను ఫోటో తీసేది. ఒకసారి కారు బోర్డునీ, ఇంకోసారి ఒక పేజీ నిండా తేదీల్లా కనిపించేవేవో వరుసలనూ తీసి ఎవరికో పంపింది. నన్ను చూసి ఫోన్ దించి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"సబూతులు జమజేస్తున్నదే అన్నా" అన్నాడు గదిలో తమ్ముడు. "నీ ఇకామా ఎప్పటిదాకున్నది?"

రెండు నెలలుంది. అదే సమయానికి ఒక కారు తెర నల్లబడింది, వారం తిరక్కుండా రెండోది. ఈసారి నేను చేసింది కాదు. బోర్డులో చిప్ పోయింది, అది ఎక్కడా దొరకదు. ఇకామా నెత్తి మీద, చచ్చిన కార్లు ఎదురుగా, పక్కన ఫోన్ పట్టుకుని ఆమె.

ఒక పొద్దున మేనేజరు గదికి వెళ్లి, "ఆమె హాల్లో ఫోటోలు తీసి బయట ఎవరికో పంపుతోంది" అన్నాను.

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ ఆ హాలుకి వచ్చేది కుటుంబాలు. ఆడవాళ్లూ పిల్లలూ తిరిగే చోట ఫోటో అంటే అక్కడ ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు. ఆమె ఫోటోలు తీసేది పొద్దున హాలు తెరవకముందని, అవి ఉత్త మిషిన్లవని కూడా తెలుసు. ఆ రెండూ నేను చెప్పలేదు. వారంలో ఆమెను పనిలోంచి తీసేశారు. ఆమె మిషిన్ల కాయిన్ డోరు తాళంచెవి నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. పేరుకు ఇంకో సౌదీ మనిషిని టికెట్ కౌంటరులో పెట్టారు, మా రంగు మారలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పన్నెండు రోజులకు జపాన్ నుంచి ఒక చిన్న పార్సిల్ వచ్చింది, ఆమె పేరు మీద. మేనేజరు నన్ను పిలిచి విప్పాడు. వెండి కాగితంలో రెండు చిప్‌లు. చేత్తో గీసిన బొమ్మలతో ఆరు కాగితాలు, వాటి నిండా జపాను రాత. పైన, ఎవరు విప్పినా అర్థమవ్వాలని కాబోలు, ఇంగ్లీషులో ఒక ఉత్తరం. మేనేజరు దాన్ని తన అరబ్బీలో నాకు చదివి చెప్పాడు.

రాసినాయన ఆ కారు ఆట చేసినవాళ్లలో ఒకడు. ఒకప్పుడు వాళ్లు ఒక అంతస్తు నిండా ఉండేవారట. ప్రోగ్రాం రాసేవాళ్లు, సీటు చెక్క కోసేవాళ్లు, స్టీరింగ్ బరువు చేతికి ఎంత తగలాలో రోజంతా తిప్పి చూసేవాళ్లు. జపాన్‌లోనూ ఆటల హాళ్లు తగ్గిపోయాయి. చెక్క కోసేవాళ్లు ముందు పోయారు. విభాగం పేరు మార్చి మొబైల్ ఆటల్లో కలిపేశారు. ఆయన ఇప్పుడు అదే కారుకు ఫోన్ తెర మీద పండగకొక రంగు మారుస్తున్నాడు. "ఈ బోర్డు గురించి కొత్తవాళ్లకు చెబుదామని ఏళ్ల తరబడి ఎదురుచూశాను, ఎవరూ అడగలేదు. ఫోన్ ఆటల ఫిర్యాదుల చిరునామాకు మీరు జపాను భాషలో రాసిన ఉత్తరం చేతులు మారి నా టేబుల్‌కి వచ్చింది. మీరు పంపిన ఫోటోలు చూసి చిప్ ఏదో గుర్తుపట్టాను. నా సొరుగులో మిగిలినవి ఈ రెండే."

"ఆమెకు జపాను భాష వచ్చా?" అన్నాను.

"చేరేటప్పుడే చెప్పింది కదా" అన్నాడు మేనేజరు. "చిన్నప్పటి నుంచీ వాళ్ల ఫోన్ ఆటలు ఆడీ ఆడీ నేర్చుకుందట. నీకు చెప్పలేదా?"

నా వీపు పక్క నుంచి ఆమె ప్రతి వరుసా చదివింది. ఆ తేదీల పేజీ ఏమిటో కూడా అప్పుడే అర్థమైంది. ఏ రోజు సెట్టింగు చెరిపారో మిషిన్ తనే రాసి పెట్టుకుంటుంది, అవన్నీ నా సెలవుల ముందు రోజులే.

మేనేజరు ఇంకా చదువుతున్నాడు. "స్టీరింగ్ సెట్టింగు మాటిమాటికీ ఎందుకు పోతోందో వెతకవద్దని, కారణం మిషిన్లో లేదని మీరు రాశారు. కనుక వెతకలేదు. బొమ్మ లేకుండా, భాష రాకుండా ఇన్నేళ్లు ఈ కార్లను బతికించిన మీ ఉస్తాద్‌కు నా నమస్కారం చెప్పండి. ఆయన దగ్గర పని నేర్చుకోవడం మీ అదృష్టమని రాశారు, నేనూ అదే అనుకుంటున్నాను. నా చేతిరాత అర్థం కాకపోతే ఆయన కోసం మీరు చదివి పెట్టండి."

మేనేజరు కాగితం దించి, "ఉస్తాద్ అంటే ఎవరు?" అన్నాడు.

నేను ఆ ఆరు కాగితాలూ చిప్‌లూ తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆ ఆరు కాగితాలు వారం రోజులు నా ముందు ఉన్నాయి. ఫోన్‌తో చదివించి చూశాం, చేతిరాత కావడంతో అది పిచ్చి మాటలు చూపించింది. పదకొండేళ్లు ఏ రాత చాటున దాక్కున్నానో ఆ రాతే ఇప్పుడు నన్ను బయట నిలబెట్టింది. ఊహ మీద ఒక చిప్ వేశాను, ఆన్ చేయగానే కాలిపోయింది. రెండోది ముట్టుకోలేదు.

ఆమె నంబరు స్టాఫ్ కాగితంలో గోడ మీదే ఉండేది. మేనేజరు తను చేయనన్నాడు. "ఫిర్యాదు నీది, ఫోనూ నువ్వే చెయ్యి" అన్నాడు. రోజూ నంబరు నొక్కేవాణ్ణి, మోగకముందే కట్ చేసేవాణ్ణి. ఎత్తితే ఏమంటుందోనన్న భయం కాదు. ఎత్తి, సరే ఉస్తాద్, చదువుతాను, అంటుందేమోనని భయం. నాకు అంత సిగ్గుగా ఉండేది.

నెల తర్వాత మూడో కారు పోయింది. ఆ వరుస మొత్తాన్ని లారీలో ఎక్కించి పాత సామాన్లవాడికి పంపించేశారు. ఎక్కించే కూలీల్లో నేనూ ఒకణ్ణి. ఇకామాలో రాసి ఉన్న పని నేను చేసింది ఆ ఒక్క రోజే. నాకు ఎగ్జిట్, అంటే దేశం విడిచిపొమ్మని ముద్ర, కొట్టారు.

"జూసినవా, నే జెప్పలే? ఆమె వల్లనే" అన్నాడు తమ్ముడు, నా పెట్టె కడుతూ.

"కాదు తమ్మీ, నా వల్లనే" అన్నాను. వాడు నమ్మలేదు.

ఇప్పుడు జగిత్యాల బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేస్తున్నాను. ఆమె నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది. అసలు పేరు పెట్టుకునే ధైర్యం లేక, ఉస్తాద్ అని పెట్టుకున్నాను.