ఖర్జూర మట్ట లేని పెళ్లికూతురు

అపలోనియా ఫెర్బర్ పోయిన రోజున, ఆమె మంచం తలాపున ఉన్న గోడ చూసి పక్కింటి ఉర్సులా గుమ్మంలోనే ఆగిపోయింది. ఔగ్స్‌బర్గ్‌లో అంత గట్టి లూథరన్ ఇల్లు ఇంకొకటి లేదు. ఆ గోడ మీద శత్రువుల బొమ్మ! పైన చక్రవర్తి గ్రద్ద, దాని గోళ్లలో పిడుగు. కింద ఒక ముసలి సేనాపతి ఉంగరం చాస్తున్నాడు. ఎదురుగా తలకు పూలదండ చుట్టుకున్న కన్యక, వెనక మండుతున్న బురుజు. కన్యల కోట అని పేరున్న లూథరన్ల ఊరు మాగ్డెబర్గ్‌ను తగలబెట్టి, దానికి పెళ్లి అని పేరు పెట్టి, కాథలిక్కులు సంతల్లో నవ్వుతూ కొనుక్కున్న కాగితం.

"ఇన్నేళ్లూ దీని కిందే నిద్రపోయిందా ఈ మనిషి! తియ్యండి, పొయ్యిలో పెడతాను" అంది ఉర్సులా.

"నువ్వు ముట్టుకోకు" అన్నాడు మెల్కియోర్. రాగి రేకు మీద ఆ బొమ్మ చెక్కి అచ్చు వేసినవాడు అతనే. ఇప్పుడు చూపు ఆనని ముసలివాడు. జరిగింది అతనే చెప్పాడు.

అపలోనియా భర్త పోయాక అచ్చుబొమ్మలకు రంగులద్ది బతికింది. ఒక్కతే కూతురు జస్టీనా. మాగ్డెబర్గ్‌లో పీపాలు చేసేవాడికిచ్చి పెళ్లి చేసింది. ఒక మే నెలలో ఆ ఊరు కాలిపోయింది. కబుర్లు వచ్చాయి గానీ కూతురి కబురు రాలేదు. "పీపాలవాళ్లు ఉండేది ఏటి ఒడ్డునే. పడవ దొరికే ఉంటుంది" అనేది అపలోనియా, ఎవరూ అడగకపోయినా.

ఆ వేసవిలో మెల్కియోర్ కొత్త అచ్చు తెచ్చాడు. ఔగ్స్‌బర్గ్‌లో అప్పుడు కాథలిక్ చక్రవర్తి మనుషులదే రాజ్యం, అలాంటి బొమ్మలే అమ్ముడుపోయేవి. ఆమె ఎరుపులో కుంచె ముంచి కన్యక పావడా మీదికి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. కుంచె నుంచి రంగు బల్ల మీదికి కారుతోంది.

"ఒరే, ఇది మా జస్టీనా."

అతను కాదనలేదు. "పెళ్లికి ముందు పునీత బార్బరా బొమ్మ కోసం కూర్చోబెట్టాను కదా పిన్నీ, ఒక్క ప్రతీ తియ్యని ఆ రాగి రేకే. బార్బరా వెనక బురుజు ఎలాగూ ఉంది, దానికి మంట పెట్టాను. చేతిలో ఖర్జూర మట్ట గీకేసి ఉంగరానికి వేలు చాపించాను. మొహం బాగా కుదిరింది, ఉంచేశాను. రాగి ఏమైనా చెట్లకు కాస్తుందా?"

"నా బిడ్డను ఆ ఊరు కాల్చిన కసాయి పక్కన నిలబెట్టి, తాగుబోతుల చేత నవ్విస్తావా? గీకెయ్. ఇప్పుడే, నా కళ్ల ముందు గీకెయ్!"

మెల్కియోర్ తల దించుకుని గీకుడు కత్తి తీశాడు. రాగి మీద ఆ మొహం తిరగేసి ఉంది, ఎడమ బుగ్గ పుట్టుమచ్చ కుడి బుగ్గన. కత్తి ఆనబోయేసరికి ఆమె అతని మణికట్టు పట్టుకుంది. కూతురి మొహం లోకంలో ఇంకెక్కడా లేదు.

"వద్దురా. నవ్వుకుంటే నవ్వుకోనీ. పెళ్లికూతురంటే బతికున్న మనిషే కదా."

అన్ని కాగితాలకూ తనే రంగు వేసింది.

మరుసటి వసంతంలో లూథరన్ల పక్షాన స్వీడన్ సైన్యం వచ్చింది. జనం వీధుల్లో కావలించుకున్నారు. మెల్కియోర్ అదే రేకు మళ్లీ దిద్దాడు. గ్రద్ద పోయి స్వీడన్ సింహం వచ్చింది. సేనాపతికి తోడేలు మూతి మొలిచింది. కన్యక తల చుట్టూ వెలుగు, చేతిలో మళ్లీ మట్ట. పరుగున తెచ్చి చూపించాడు.

"చూశావా పిన్నీ, నీ కూతురికి గౌరవం తెచ్చాను! ఇక ఎవడూ నవ్వడు. కళ్లనీళ్లు పెట్టుకుంటారు."

ఆమె సింహాన్ని చూడలేదు. ఆ చేతినే చూసింది. ఆ మట్టను దేవుడి కోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల చేతికే ఇస్తారు. రంగులద్దేవాళ్లలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఏమని?"

"చచ్చిపోయిందని. నువ్వు చూశావా? చూసినవాడు ఎవడైనా వచ్చాడా?"

మెల్కియోర్‌కు ఆ ఊహే తట్టలేదు. "అది ఊరి బొమ్మ పిన్నీ..."

"మొహం మా అమ్మాయిది."

కొత్త కాగితాన్ని ఆమె ముట్టుకోలేదు. ఊరంతా దాన్ని గోడలకు అంటించుకుంటుంటే, ఆమె పాతది ఇంటికి పట్టుకెళ్లి, ఎవరూ చూడకుండా పడగ్గదిలో మేకు కొట్టింది.

ఉర్సులా అడిగింది. "ఇంతకీ ఆ అమ్మాయి?"

"కబురు లేదు."

ఉర్సులా బొమ్మ దగ్గరికి వెళ్లింది. తలగడ పక్కన గిన్నెలో కాస్త పచ్చరంగు, ఒక సన్నటి కుంచె ఉన్నాయి. గ్రద్ద పాలిపోయింది. పావడా ఎరుపు ఇటుక పొడిలా మారింది. పూలదండ ఆకులు మాత్రం ఆ వారమే వేసినంత పచ్చగా ఉన్నాయి.