పచ్చంటే పచ్చే

మా కొట్లో అందరూ ఆమెను మ్యాచింగమ్మ అనేవాళ్ళు. అసలు పేరు ఎవరూ పలకగా నేను వినలేదు. కొత్త బట్టలకు గుండుసూదులు తీసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి కవర్లో దూర్చడం ఆమె పని. వెనకగదిలో పొద్దుటి నుంచి కొట్టు కట్టేసేదాకా నిలబడే ఉండాలి. సాయంత్రానికి మడమలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. ముందు కౌంటరు దగ్గరైతే ఫ్యాను కింద ఎత్తు స్టూలు ఉంటుంది. ఆమెకు కావలసిందల్లా ఆ స్టూలు.

అర్హత లేదంటే నేను ఒప్పుకోను. నేను ఆ కొట్లోనే మిషను మీద పొడవులు తగ్గించే దర్జీని, నాకూ కళ్ళున్నాయి. ఆమె వేసుకునేవన్నీ ఎవరూ కొనక మిగిలిపోయిన టాపులే. అయినా ఎక్కడ కొన్నావని అడగని వాళ్ళు లేరు. అంచు లోపలి నుంచి ఒక దారప్పోగు లాగి వేలికి చుట్టుకుని పూసలంగడికి వెళ్ళేది. ట్యూబులైటును నమ్మేది కాదు, పూసను వీధిలోకి తెచ్చి ఎండలో పెట్టి చూసేది. "పెద్ద రంగుకి ఎవరైనా మ్యాచింగ్ చేస్తారన్నా. చిన్న రంగుని పట్టుకోవాలి," అనేది. నీలం టాపు మీద ఆవగింజంత నారింజ చుక్కలుంటే చెవులకు నారింజ లోలకులు. నీలం జోలికే పోదు.

క్యాషియరుకు ఇది కంటగింపు. వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. క్యాషియరు ఖరీదైన సెట్లు కొనేది, తల నుంచి కాలిదాకా ఒకటే రంగు. నిలబడితే తలుపుకు రంగేసినట్టుండేది.

ఓనరమ్మ పక్క వీధిలో రెండో కొట్టు తెరుస్తానంది. శుక్రవారం గుమ్మం ముందు అందరికీ ఫొటో, అందులో బాగా తయారైన మనిషికి కొత్త కౌంటరు. అందరిదీ ఒకే రంగు ఉండాలి, అదేదో చెప్పే పని క్యాషియరుది. ఆమె వెనకగదికి వచ్చి, "పచ్చ వేసుకుని రా," అంది.

"ఏ పచ్చ?"

"పచ్చలో మళ్ళీ రకాలేంటి తల్లీ? పచ్చంటే పచ్చే. నువ్వెప్పుడూ అనే పచ్చే."

ఉన్న కిటుకంతా ఇక్కడే ఉంది. మ్యాచింగమ్మ వాళ్ళింట్లో పచ్చంటే పసుపు, ఆకుల రంగును ఆకుపచ్చ అని విడిగా అంటారు. ఓసారి పసుపు టాపును చూపించి "ఆ పచ్చది" అంటే కౌంటరంతా పడీపడీ నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది క్యాషియరే. కాబట్టి తెలియక అందంటే నేను నమ్మను. అది పచ్చి మోసం.

నేరేడు రంగు చుక్కలున్న పసుపు టాపు ఒకటి తీసింది మ్యాచింగమ్మ. తెగిన దండల్లోంచి నేరేడు పూసలు ఏరి కొత్త దండ గుచ్చింది. చిరిగిన గొడుగు గుడ్డ తెచ్చి నాచేత చేతిసంచి కుట్టించింది. జత పోయిన లోలకును జుట్టు క్లిప్పుకు అతికించింది. పాత చెప్పుల పట్టీలకు నేనిచ్చిన పీలిక చుట్టింది. చేతి చమురు వదలకుండా మహారాణిలా తయారైంది.

"అన్నా, కొత్త కౌంటరుకి స్టూలే వేస్తారా, కుర్చీ వేస్తారా?" అని అడిగింది.

"ముందు ఎక్కి కూర్చో, తర్వాత అడుగుదువుగాని," అన్నాను.

శుక్రవారం గుమ్మం ముందు అందరూ ఆకుపచ్చలో చిలకల్లా నిలబడ్డారు. పసుపులో వచ్చిన ఆమె వాళ్ళను చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

"పచ్చకామెర్లు గానీ వచ్చాయా?" అంది క్యాషియరు. నవ్వు ఫొటో తీసేవాడిదాకా పాకింది.

ఇంతలో ఓనరమ్మ వచ్చింది. ఆవిడ నవ్వలేదు. మ్యాచింగమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "చాలా బాగుంది. ఎవరు చేశారు ఇదంతా?" అంది.

"నేనేనమ్మా."

ఆమె మొహం విప్పారింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

"అయితే దండ, సంచి, క్లిప్పు తీసి షోకేసులో బొమ్మకి వేసి ఫొటోలోకి తీసుకురా. ఇదే టాపు ర్యాకులో ఇంకోటి ఉంటుంది. ఆకుపచ్చల మధ్య పసుపు బొమ్మ కొట్టొచ్చినట్టు కనబడుతుంది."

"మరి నేనమ్మా?"

"నీ రంగు వీళ్ళతో కలవలేదుగా. బొమ్మయితే సన్నగా కూడా ఉంటుంది. ఆ చెప్పులు కూడా ఇవ్వు."

తన చేతులతో తనే బొమ్మను అలంకరించింది. బొమ్మ పాదాలు మడమ ఎత్తి ఉంటాయి, చదును చెప్పులు వాటికి నిలవలేదు. క్యాషియరు జిగురు తెచ్చి అతికించేసింది. ఫొటో తీసేటప్పుడు మ్యాచింగమ్మ ఉత్తకాళ్ళతో లోపల ఇస్త్రీ చేస్తోంది. కొత్త కౌంటరు క్యాషియరు చెల్లెలికి దక్కింది. ఆ పిల్ల కూడా తలుపులాగే ఉంది.

సాయంత్రం ఎంత లాగినా చెప్పులు ఊడలేదు. వెనకగది మూల జత తప్పినవి పడి ఉంటే ఎడమకాలికి ఎర్రది, కుడికాలికి తెల్లది తొడుక్కుని బయటికొచ్చింది. ఫొటో అయ్యాక మళ్ళీ షోకేసులో పెట్టిన బొమ్మను అద్దంలోంచి చూస్తూ ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. క్యాషియరును తిడితే నేనూ నాలుగు కలుపుదామని నోరు సిద్ధం చేసుకున్నాను.

"క్లిప్పు జారిందన్నా. సంచీ, క్లిప్పూ ఒకే వైపుంటే బరువంతా అటే పోతుంది," అని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

క్యాషియరు తాళాలు ఆడిస్తూ "త్వరగా కానీ," అంటోంది. ఈవిడ ఆ రెండు రంగుల చెప్పులతో మునివేళ్ళ మీద నిలబడి బొమ్మ జుట్టు సర్దుతోంది. ఆ క్షణంలో నాకు క్యాషియరు మీద కాదు, మ్యాచింగమ్మ మీదే ఒళ్ళు మండింది.

బయటికొచ్చి, "ఇప్పుడు బాగుంది," అంది. నిజంగానే బాగుంది.