వెలుతురు చొరబడని బీరు

భీమశంకరం గారు వెలుతురు చొరబడే బీరు ముట్టరు. గ్లాసు చేతికి రాగానే కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటారు. అవతల మనిషి కనిపించాడా, ఆ గ్లాసు వెనక్కి పోవలసిందే. అందరూ తాగే పసుపుపచ్చ బీరును ఆయన "జ్వరం మనిషికిచ్చే బార్లీ నీళ్లు" అంటారు. ఆయన బీరు తారులా నల్లగా ఉండాలి, రెండు గుక్కలకే చెవులు వేడెక్కేంత ఘాటుగా ఉండాలి. పైన నురుగు తెల్లగా ఉన్నా అనుమానమే. అది ముదురు బెల్లం పాకం రంగులో ఉంటేనే ఆయన ముఖం విప్పారుతుంది.

ఇంతకీ ఈయనేమీ విలాసపురుషుడు కాదు. కేంద్ర ప్రభుత్వంలో గణాంకాల అధికారి, యాభై ఆరేళ్ల మనిషి, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఎదురు ఫ్లాటు. మొన్న జూన్ దాకా ఆయన పుచ్చుకున్న అత్యంత ఘాటైన ద్రవం అల్లం దంచి వేసిన మజ్జిగ. జూన్ రెండో వారంలో ఒక శనివారం ఉన్నట్టుండి మా తలుపు కొట్టి, "మాస్టారూ, స్టౌట్ అంటే ఏమిటో తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "నాకూ నిన్నటిదాకా తెలియదు. నల్ల బీరట. చెప్పులేసుకోండి" అన్నారు. ఆ రోజు నుంచి ఇందిరాపురం, ఘాజియాబాద్ తెలుగువాళ్లలో ఆయన చేతికి చిక్కనివాడు లేడు.

చిక్కినవాణ్ణి వైశాలి స్టేషన్‌లో మెట్రో ఎక్కిస్తారు. రాజీవ్ చౌక్‌లో రైలు మార్పిస్తారు. గంటన్నర ప్రయాణం చేయించి గురుగ్రామ్‌లో బీరు అక్కడే కాచి పోసే ఒక పబ్బులో కూర్చోబెడతారు. ఎండు నాలుకతో కూర్చున్న మనిషి ముందుకు చెక్క పళ్లెంలో ఆరు చిన్న గ్లాసులు వస్తాయి. చెయ్యి చాపామా, భీమశంకరం గారి అరచెయ్యి అడ్డం పడుతుంది.

"ముందు వాసన."

"చూశానండీ, బాగుంది."

"ఎక్కడ చూశారు? మీరు ముక్కు పెట్టి తీశారు. అయిదు నిమిషాలు."

"అయిదు నిమిషాలా! నురుగు దిగిపోతుందండీ."

"దిగనివ్వండి. ముక్కు ఎక్కాలి."

అక్కడి వెయిటర్‌కు మమ్మల్ని చూస్తే జాలి. "సర్, అబ్ తో పీ లీజియే" అంటూ ఇకనైనా తాగమని బతిమాలేవాడు. "రుకో భయ్యా, అభీ సూంఘ్ రహే హైఁ" అనేవారు ఈయన, ఇంకా వాసనే చూస్తున్నామని, పూజ మధ్యలో పలకరించినట్టు. అయిదుగురు పెద్దమనుషులు పట్టపగలు గ్లాసుల్లో ముక్కులు దూర్చి కళ్లు మూసుకుని కూర్చుంటే పక్క టేబుళ్ల కుర్రకారు ఫోటోలు తీసుకునేవారు.

ఆ తర్వాత నోటు పుస్తకం తీసేవారు. ఆ పబ్బువాళ్లు తమ బీరులో చాక్లెట్ ఉందని, ఎండుఫలాల ఛాయలున్నాయని కార్డు మీద అచ్చు వేసుకున్నారు. భీమశంకరం గారు ఆ కార్డును బోర్లా పెట్టి, వారం వారం వరస నంబర్లు వేసుకుంటూ తన సొంత భాషలో రాసేవారు. "నాలుగో నంబరు: మాడిన మెంతులు, తడి బెల్లం, పాత గోనెసంచి." "ఏడో నంబరు: ఇడ్లీపాత్రలో నీళ్లు ఇంకిపోయాక పది నిమిషాలకు వచ్చే వాసన." ఒకసారి పదకొండో నంబరు పక్కన "మా మేనత్త కుంపటి" అని ఉంది. గణాంకాల శాఖ మనిషి కదా, ప్రతి వాసనకూ పదికి మార్కులు కూడా.

"మీ ఆయన తాగుబోతు అవుతున్నారేమోనండీ" అని నేను వాళ్లావిడ జానకీదేవి గారితో అంటే ఆవిడ పెద్దగా నవ్వేశారు. "ఆయనా? ఇంటికి తెచ్చిన సీసాలో పావు కూడా తాగలేరు. వాసన చూస్తారు, ఏదో రాసుకుంటారు, ముఖం చిట్లిస్తారు. మిగతాది నేను కరివేపాకు మొక్కకు పోస్తున్నాను. చూడండి ఎలా ఏపుగా పెరిగిందో! ఆకు దూస్తే చెయ్యి మత్తెక్కుతోంది."

శనివారాల బృందంలో మేమందరం మారుతూ ఉండేవాళ్లం గానీ ఒక్క మనిషి మాత్రం ఎన్నడూ తప్పేవాడు కాదు. లక్ష్మీపతి, అశోకా రోడ్ దగ్గర సుభాషిణి గారి మెస్‌లో వంటమాస్టరు. శనివారం ఆఫీసులుండవు కనుక మధ్యాహ్నం నుంచి మెస్ మూత. ఈయన అతన్ని నేరుగా వంటింటి గుమ్మం నుంచే పట్టుకొచ్చేవారు. తన పక్కనే కూర్చోబెట్టుకుని ప్రతి గ్లాసుకూ అడిగేవారు. "ఇదిగో లక్ష్మీపతీ, ఇది మెంతులు. అందిందా?"

"లేదండీ."

"ఇది ఇంగువ మాడినట్టుంది. గుర్తు తెచ్చుకో. అందిందా?"

"లేదండీ."

వంటవాడికి బీరు పాఠాలేమిటని మేం నవ్వుకునేవాళ్లం.

నవ్వు అక్టోబరులో ఆగిపోయింది. ఢిల్లీ తెలుగువాళ్లు పదేళ్లుగా ఎవరి సాంబారు కోసం వరసలో నిలబడ్డారో ఆ లక్ష్మీపతి వంట పాడైపోయింది. ఉప్పు, పులుపు, కారం సరిగ్గానే ఉండేవి. కానీ ఒకనాడు పోపు బొగ్గయింది. ఒకనాడు విరిగిన పాలతో పాయసం. ఇంకోనాడు పాచిపోయిన కొబ్బరి చట్నీ వడ్డించి, ఒక జాయింట్ సెక్రటరీని రెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టాడు. సుభాషిణి గారు తేల్చి చెప్పేశారు. కార్తీక వనభోజనాలకు తెలుగు సంఘం మూడువందల మందికి వంట ఆర్డరిచ్చింది. అది బాగుంటే లక్ష్మీపతి ఉంటాడు. ఏమాత్రం తేడా వచ్చినా మర్నాడే తెనాలి రైలు ఎక్కవలసిందే. ఇద్దరు ఆడపిల్లల్ని ఇక్కడి బడిలో వేసుకున్న మనిషికి అది చిన్న మాట కాదు.

కారణం ఏమిటో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. శనివారం శనివారం బీరు పబ్బులో కనిపించే వంటవాడు ఎందుకు చెడిపోతాడు? సంఘం అధ్యక్షులు రాధాకృష్ణమూర్తి గారు అత్యవసర సమావేశం పెట్టారు. మద్యం మీద మనవాళ్లకు రెండు అభిప్రాయాలుంటాయి. ఒకటి సభలో, రెండోది ఫ్రిజ్‌లో. ఆ రోజు అందరూ మొదటిదే తీసుకొచ్చారు. కార్తీకం మొదటి రోజునే లక్ష్మీపతికి అయ్యప్ప మాల వేయించాలని, నలభై ఒక్క రోజులు భీమశంకరం నీడ కూడా అతని మీద పడకూడదని తీర్మానమైంది. ఆ సంగతి చెప్పి గట్టిగా చీవాట్లు పెట్టే పని, ఎదురు ఫ్లాటు పాపానికి, నా నెత్తిన పడింది.

వెళ్లి పెట్టాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అవును మాస్టారూ, నేనే చెడగొట్టాను. సంఘం మినిట్స్‌లో రాసుకోమనండి."

"ఇందులో గర్వపడటానికేముందండీ! వాడి ఉద్యోగం పోతుంది."

"మాల ఎప్పుడు?"

"ఈ ఆదివారం కాదు, ఆపై ఆదివారం."

ఆయన వేళ్లు మడిచి లెక్క వేసుకున్నారు. "అయితే ఇంకా రెండు శనివారాలున్నాయి" అన్నారు. చీవాట్లు పెట్టడంలో నాకు తగిన శిక్షణ లేదని అర్థమై ఇంటికొచ్చేశాను.

మొదటి శనివారం ఏమీ జరగలేదు. రెండో శనివారం ఆయన మీద నిఘాకని నేనూ వెళ్లాను. అప్పటికి ఢిల్లీ పొగ దిగింది. పట్టపగలే సూర్యుడు భీమశంకరం గారి బీరులోంచి చూసినట్టున్నాడు. ఆ వారం పబ్బువాళ్లు కొత్తది, పది శాతం ఘాటుది కాచారు. ఈయన గ్లాసు ఎత్తి పట్టుకుని, "ఇందులోంచి భగవంతుడు కూడా కనిపించడు" అని మురిసిపోయారు. నేను లక్ష్మీపతి గ్లాసునే చూస్తున్నాను. ముప్పావు గంటైనా అందులో గుక్కెడు తగ్గలేదు. నాలుగు నెలల్లో ఎప్పుడూ తగ్గలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ మనిషి అసలు తాగడం లేదు. మెతుకు కోసం వెతికినట్టు ముక్కుతో ఆ గ్లాసంతా వెతుకుతున్నాడు.

"అందిందా?" అన్నారు భీమశంకరం గారు, గొంతు తగ్గించి.

లక్ష్మీపతి కళ్లు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. గ్లాసును ఒకసారి లోపల, ఒకసారి అంచున చూశాడు.

"ఏమండీ... ఈ గ్లాసు తుడిచిన గుడ్డ సరిగ్గా ఆరలేదండీ. ముక్క వాసన వస్తోంది."

భీమశంకరం గారు గ్లాసు లాక్కుని వాసన చూశారు. నాకిచ్చారు. నిజమే, తడిగుడ్డ కంపు. మరుక్షణం ఆ యాభై ఆరేళ్ల అధికారి లేచి వెయిటర్‌ను గట్టిగా కౌగలించుకున్నారు. "శాబాష్ భయ్యా! క్యా గందా గ్లాస్ లాయే హో!" అని మురికి గ్లాసు తెచ్చినందుకు మెచ్చుకున్నారు. పాపం వాడు "సారీ సర్, బదల్ దేతా హూఁ" అంటూ గ్లాసు మార్చబోతే, "ఖబర్దార్! ఛూనా మత్!" అని ఆ గ్లాసును రొమ్ముకు అదుముకున్నారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మేలో వచ్చిన జ్వరంతో లక్ష్మీపతి ముక్కు పూర్తిగా పడకేసింది. నాలుక చెప్పేది చెబుతోంది, మిగతా వంటంతా చెప్పవలసిన ముక్కు మాట్లాడటం లేదు. నాలుగు నెలలు చేతి అలవాటు మీద నెట్టుకొచ్చాడు, అక్టోబరుకు ఆ అలవాటూ చాల్లేదు. ఘాటు వాసనలు, తెలిసిన వాసనలు, రోజూ ఓపిగ్గా చూస్తూ గుర్తు తెచ్చుకుంటే తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడట డాక్టరు. ఈ రహస్యం అతను చెప్పుకున్నది భీమశంకరం గారొక్కరితోనే.

"అయితే లవంగాలు చూడొచ్చుగా, కాఫీపొడి చూడొచ్చుగా!" అన్నాను.

"ఇంట్లో చూశాడు. మెస్‌లో చూస్తే? వంటమాస్టరు కాఫీపొడి డబ్బాలో ముక్కు పెట్టి అయిదు నిమిషాలు కూర్చుంటే ఆరో నిమిషానికి ఊరంతా తెలిసిపోతుంది. ఇక్కడ చూడండి, అందరూ ముక్కులు పెట్టే కూర్చున్నారు. ఇతనెందుకు పెట్టాడని ఎవరైనా అడిగారా? పైగా ఈ నల్లవాటిల్లో మాడు, పొగ, కాఫీ, బెల్లం అన్నీ ఉంటాయి. పసుపుపచ్చదాంట్లో ఏముంది, నా మొహం!"

"మరి సంఘం తాగుబోతంటే ఎందుకూరుకున్నారు? మీకు చెడ్డపేరు, అతనికి చెడ్డపేరు."

ఆయన నన్ను ఒకటో తరగతి పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "మాస్టారూ, మన దేశంలో తాగే వంటవాణ్ణి తిడతారు, మాల వేయిస్తారు, చివరికి ఉంచుకుంటారు. వాసన తెలియని వంటవాణ్ణి ఎవరుంచుకుంటారు? అందుకే తాగుబోతుగా ఉండనిచ్చాను."

మర్నాడు లక్ష్మీపతి సంతోషంగా మాల వేసుకున్నాడు. తడిగుడ్డ తర్వాత ఒక్కొక్కటే తలుపు తట్టాయి. మూడో రోజు కిరసనాయిలు, వారానికి ఇంగువ, పదో రోజు కరివేపాకు.

వనభోజనాల నాడు లోధీ గార్డెన్స్‌లో ఉసిరి చెట్టు దొరక్క రాధాకృష్ణమూర్తి గారు కుండీలో మొక్కను ఆటోలో తెచ్చారు. దాని నీడలో ఒక పిల్లి కూడా పట్టదు, మేం మూడువందల మందిమి సర్దుకున్నాం. దానితోపాటు తమ విరాళంగా రెండు డబ్బాల నెయ్యి కూడా ఇచ్చారు. నల్ల లుంగీలో పొయ్యి దగ్గరున్న లక్ష్మీపతి డబ్బా మూత తీస్తూనే ముఖం తిప్పుకున్నాడు.

"ఈ నెయ్యి వాడనండీ. మక్కిపోయింది."

"నా నెయ్యా? మొన్ననే కొన్నానయ్యా!"

"మొన్న కొన్నారేమోనండీ, కాచి ఏడాదయ్యుంటుంది."

నలుగురూ వాసన చూశారు. నలుగురూ తలలూపారు. సుభాషిణి గారు వెంటనే కొత్త డబ్బా తెప్పించారు. ఆ దప్పళం కోసం జనం మూడోసారి వరస కట్టారు. చక్కెర పొంగలి గిన్నె అడుగు గీకిన చప్పుడు నాకింకా వినిపిస్తోంది.

యశస్సంతా మాలకు దక్కింది. "చూశారా దీక్ష మహిమ! తాగుడు మానగానే చేతికి అమృతం వచ్చింది" అని రాధాకృష్ణమూర్తి గారు మైకులో చెప్పారు. నేను లేవబోతే భీమశంకరం గారు నా జుబ్బా పట్టుకుని కూర్చోబెట్టారు. భీమశంకరం అనే మనిషి మెస్ గుమ్మం తొక్కకూడదని సుభాషిణి గారు అదే మైకులో ప్రకటించారు. ఆయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నెలకు రెండుసార్లు నేను ఆయనకు తోడు అశోకా రోడ్ వెళుతుంటాను. ఆయన వేపచెట్టు కింద స్కూటరు మీద కూర్చుంటారు. నేను లోపలికెళ్లి నా పేరు మీద మీల్స్ పార్సెల్ తెస్తాను. అది ఎవరికో తెలిసిన లక్ష్మీపతి అందులో కందిపొడి పొట్లం ఒకటి అదనంగా పడేస్తాడు. మొన్న సుభాషిణి గారు కనిపెట్టేశారు.

బయటికి రాగానే ఆయన అడిగారు. "ఏమన్నారావిడ?"

"మంచి మనిషిని చెడగొట్టిన పాపం మీకు ఏడు జన్మలు తగులుతుందన్నారు. ఇంకా చాలా అన్నారు."

"లక్ష్మీపతిని?"

"పర్మనెంటు చేశారట. పెద్దపిల్లకు ఇంకా మంచి స్కూల్లో సీటు కోసం ఆవిడే స్వయంగా వెళ్లి మాట్లాడారట."

భీమశంకరం గారు స్కూటరు సీటు మీద విస్తరి పరిచి, అన్నంలో సాంబారు పోసుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఖాళీ కప్పు వంచి చూశారు.

"మాస్టారూ, సాంబారు తక్కువైంది. వెళ్లి ఇంకో కప్పు పట్టుకురండి. ఆవిడ దగ్గర ఇంకో రెండు తిట్లు మిగిలుంటే అవి కూడా కట్టించుకుని తెండి."