నోరు మూసుకున్న ఎండాకాలం

ఇరవై ఏండ్లు బండ పక్కన పరిగెత్తినా. కాడికి గొలుసేసి పెద్ద రాయి కట్టింటారు, ఎద్దులు లాగుతాంటే పక్కన మనం అరుచుకుంటా ఉరకల్ల. ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు. తిరుణాల తిరుణాలకూ ఈ బండలాగుడు పోటీలకు తిరిగినోన్ని, ఒక్కనాడు కాలి గోరు గూడా చిట్లలేదు. అట్లాంటోన్ని పోయినేడు ఉగాది దాటి వారం తిరక్కముందే మా ఇంటి నీళ్ళ తొట్టి కాడ పాచి మీద జారి పడితి. ఎడమ కాలు రెండు చోట్ల విరిగె. కడపలో డాక్టరు తొడ దాకా సిమెంటు కట్టేసి, రెండు నెలలు కాలు నేల మీద మోపొద్దప్పా అనె.

సూడొచ్చిన ప్రతి ఒక్కడూ అదే మాట. "ఏమప్పా, ఎండలో పడి తిరిగే బాధ తప్పె. కూలరు ముందర పండుకోని మామిడిపండ్లు తిను, ముంజలు తిను. ఎండాకాలం అనుభవించల్లంటే నీ మాదిరి అనుభవించల్ల." ఆ మాటలనుకుంటా నా మంచం కిందుండే గంపలో నుంచి బేనిషా మామిడిపండు తీసుకోని కొరికేవాళ్ళు. ఎద్దు పుండు కాకికి ముద్దంటే ఇదే. నాకు ఒళ్ళు మండేది. పోటీల కాలమంతా ఎండాకాలంలోనే గదా, నేను పండ్లు తినడానికా సంవత్సరమంతా కాచుకున్యేది?

నా ఎద్దుల గురించి చెప్తా. ఒకటి తెల్లోడు, ఇంకోటి నుదుటి మీద నల్ల మచ్చుండే మచ్చోడు. దూడలప్పటి నుంచి నా చేతిలో పెరిగినాయి. వాటి మీద నేను చెయ్యెత్తిన పాపాన పోలేదు. "హోయ్ నాయనా" అంటే లాగుతాయి, "నిల్లు నాయనా" అంటే నిలబడతాయి, అంతే. పోటీల్లో కర్రలు విరిగేటట్టు కొట్టేవాళ్ళను శానామందిని సూసినా. వాళ్ళతో కొట్లాట పెట్టుకున్యా, రెండు తూర్లు చొక్కాలు గూడా చింపుకున్యా. లాగేది అది, ఉరికేది అది, పైన దెబ్బలు గూడా దానికేనా? ఈ మాట అడిగితే నాకు పిచ్చోడని పేరు పెట్టినారు.

మా తమ్ముడు నాకన్నా ఎనిమిదేండ్లు చిన్న. ఇన్నేండ్లూ వాడు చేసింది ఎద్దుల మీద నీళ్ళు చల్లేది, గొలుసు సరిచేసేది. తోలే పని నాదే. వాడు అడగలేదు, నేను ఇయ్యలేదు. నేను మంచాన పడినంక పది దినాలకు వాడొచ్చి తల కాడ నిలబడి, "అన్నా, మైదుకూరు పక్కన తిరుణాల పోటీకి పేరిచ్చినాం గదా, నేను తోల్తా" అనె. అని ఊరుకోలేదు. "రోజూ సేను కాడ తోలి సూస్తాండా. ఈడికి వచ్చినంక నీ గొంతు ఇంటే సాలు, ఎద్దులు మళ్ళా నా మాట లెక్కపెట్టవు. పోటీ అయిపోయేదాకా వాటి ముందర నువ్వు నోరు మూసుకోవల్ల" అనె.

అరికాలి మంట నెత్తికెక్కె. నా ఇంట్లో, నా మంచం మీద, నా ఎద్దుల ముందర నేను నోరు మూసుకోవల్లంట. కాలు బాగుంటే తన్నేవాన్నే. దొరికిన బూతులన్నీ తిడితి. వాడు కదల్లేదు, తల దించుకోని నిలబడె. నాకు ఊపిరాడకుండా అయినంక చిన్నగా అనె, "ఈ ఒక్కసారి అన్నా." వాడు నన్ను ఏమన్నా అడగడం అదే మొదలు. సరే అంటి. నేను నోరు మూసుకుంటా, నువ్వు మాత్రం వాటి మీద దెబ్బ వేయకూడదు, ఒక్కటంటే ఒక్కటి గూడా, అంటి. "వెయ్యను" అనె వాడు.

ఆ నెల ఎట్ల గడిచిందో నాకే తెలుసు. వాకిట్లో యాపచెట్టు కింద ఎద్దులు, ఎదురుగా వసారాలో మంచం మీద నేను. మజ్జిగ కావాలన్నా చేత్తో సైగ చేయాల. ఈగ వాలితే తిట్టడానికి లేదు, కరెంటు పోతే తిట్టడానికి లేదు. నా పెండ్లాం పక్కింటామెతో చెప్పింది, "పెండ్లైనప్పటి నుంచి ఇంత సుఖంగా ఎప్పుడూ లేనక్కా" అని. ఆ ఎండాకాలం మా ఇంట్లో అనుభవించిందెవరన్నా ఉంటే ఆమె ఒక్కతే. నాకు మిగిలిందల్లా సాయంత్రం ఒక్క గడియ. నీళ్ళకు విప్పినప్పుడు మచ్చోడు నేరుగా నా మంచం కాడికి వచ్చి, సిమెంటు కట్టును గరగరా నాకేవాడు. దాంట్లో ఏం రుచి కనిపెట్టినాడో. నేను మూతి బిగించుకోని వాని గంగడోలు నిమిరేవాన్ని. అప్పుడు మాత్రం నాకు కోపం ఉండేది కాదు.

పోటీ నాడు నేనూ వస్తానంటి. తమ్ముడు వద్దనె. రానీకపోతే పేరు కొట్టేయిస్తానని బెదిరిస్తి. ట్రాక్టరు ట్రాలీలో పరుపేసి, కాలు చాపి కూర్చోబెట్టి, మైదానం అంచున ఎండలో నిలిపిరి. టువాలు మడిచి పండ్ల మధ్య పెట్టుకుంటి, నోరు జారకుండా. మా ముందు వచ్చిన జతను తోలినోడు వాటి తొడల మీద కర్రతో బాదుతాంటే నా దవడలు నొప్పి పుట్టె.

మా వంతొచ్చె. తమ్ముడు "హోయ్ నాయనా" అనె. అచ్చం నా మాదిరే అనె. నెల దినాలు నేను నోరు మూసుకోని ఉంటే వాడు నా గొంతు నేర్చుకున్నాడు. ఎద్దులు లేచినాయి. దుమ్ము లేసె. ఒక చుట్టు, రెండు చుట్లు, మైకులో దూరం చెప్తాంటే జనం ఈలలు. ఇంకొక్క చుట్టు తిరిగితే మొదటి బహుమానం మాదే. మలుపు కాడ మచ్చోడు కొంచెం తగ్గె. పక్కన ఉరికే వాళ్ళలో ఎవడో తమ్ముని చేతిలో కర్ర పెట్టె. తమ్ముడు ఆ కర్రను పైకెత్తె.

నా పండ్ల మధ్య టువాలు ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు.

"నిల్లు నాయనా" అని అరిస్తి.

రెండూ నిలబడిపోయె. రాయి నిలబడిపోయె. రెండు తలకాయలూ ట్రాక్టరు వైపు తిరిగె. తమ్ముడు బతిమాలె, నీళ్ళు చల్లె, కాడి కింద భుజం పెట్టి తోసె. ఒక్క అడుగు ముందుకేయలేదు. కర్రెత్తిన చేతి కింద నడవమని నేనూ అనలేదు. టైమైపోయిందని ఈల ఊదేసిరి. జనం నన్ను తిట్టిన తిట్లు ఈడ రాయను. నేను మాత్రం ఎవరికీ తలొంచలేదు. కర్రెత్తినోని పక్క మాట్లాడతారా, సిగ్గులేదా అని ట్రాలీలో కూర్చొనే తిరిగి తిడితి.

పొద్దు వాలుతుండగా తమ్ముడు రెంటినీ కడిగి ట్రాలీ కాడికి తోలుకొచ్చె. చొక్కా అంతా మట్టి. "తడిమి సూడన్నా" అనె.

తడిమితి. తెల్లోని వీపు, తొడలు, డొక్కలు. మళ్ళా మచ్చోనివి. తడి వెంట్రుకల్లో వేళ్ళు పెట్టి ఎతికితి. చిన్న గీటు గూడా లేదు.

"పారేద్దామని ఎత్తినా. చేతిలో పెట్టినాడు, దూరంగా విసిరేద్దామని ఎత్తినా. విసిరేసినా గూడా. అందరూ సూసినారు. నువ్వు సూల్లేదు" అనె. గొంతు పెంచలేదు. "నేను నా మాట మీద నిలబడినా గదన్నా."

ఇంటికి పోయినంక వాడు పగ్గాలు తెచ్చి నా మంచం కోడుకు చుట్టి, "నీ జీవాలు నువ్వే తోలుకో" అని పోయె. మూడు నెలలు మా గడప తొక్కలేదు. నాకు అందరి మీదా కోపమొచ్చె. కర్ర ఇచ్చినోని మీద, ఈల ఊదినోని మీద, పాచి మీద, కర్ర విసిరేస్తానని ముందే చెప్పని తమ్ముని మీద గూడా. తిరిగి తిరిగి అది నా దగ్గరికే వచ్చి కూర్చునె.

కట్టు విప్పి నాలుగడుగులు వేయను వచ్చినంక కుంటుకుంటా వాని ఇంటికి పోయి, మళ్ళా నువ్వే తోలల్లని నోరు తెరిచి బతిమాలితి.

ఇప్పుడు మళ్ళా ఎండాకాలం వచ్చె. నా కాలు బాగుండాది, ఉరకను గూడా ఉరకొచ్చు. తోలేది వాడే. నేను రోజూ కొట్టంలోకి పోయి ఉలవలు పెడతా, ఒళ్ళు రుద్దుతా. నన్ను సూడగానే మచ్చోడు మేత ఆపి, చెవులు నా వైపు తిప్పి నిలబడతాడు, ఏమన్నా అంటానేమోనని.

నేను ఏమీ అనను.