వార్చేసిన నీళ్ళు

మా నాయనకు కూరగాయలు రెండుసార్లు ఉడకబెట్టి, రెండుసార్లూ ఆ నీళ్ళు పారబోసి పెట్టమని వేలూరులో డాక్టరు చెప్పినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. బి.ఏ. పరీక్షలు రాసి చిత్తూరులో ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఎనభైలు మొదలై రెండు మూడేళ్ళయి ఉంటుంది. నాయన ఐరాల దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. ఆ వేసవిలో ఆయన పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. ఎండకేమో అనుకున్నాం. తరవాత ముఖం కూడా ఉబ్బింది. పరీక్షలు చేసి, మూత్రపిండాలు రెండూ చాలావరకు పాడైపోయాయని చెప్పారు.

డాక్టరు తమిళంలోనే మాట్లాడాడు. అమ్మ పుట్టిల్లు గుడియాత్తం వైపు కాబట్టి ఆమెకు అంతా అర్థమైంది. మందుల చీటీ వెనక పెన్సిలుతో రాసుకుంది. బీన్సు, క్యాబేజీ, బీరకాయ, గోరుచిక్కుడు ఏదైనా సరే, సన్నగా తరిగి నానబెట్టాలి. ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి వార్చెయ్యాలి. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఉడికించి, అవీ వార్చెయ్యాలి. ఆకుకూరలు అసలు వద్దన్నాడు. కూరగాయల్లో ఉండే ఒక లవణాన్ని నాయన ఒంట్లోంచి మూత్రపిండాలు బయటికి పంపలేకపోతున్నాయట. అది రక్తంలో పెరిగితే గుండె మీదికి వస్తుందట. ఉడికిస్తే ఆ లవణం నీళ్ళలోకి దిగిపోతుందట. అందుకే ఆ నీళ్ళు ఇంట్లో ఉండకూడదు.

అమ్మ ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరు. నాయన జీతం లేని సెలవులో పడ్డాక ఆమె ఉద్యోగం మానుకోవడం కుదరదు. వంట నా చేతికి వచ్చింది.

నాయన అప్పటిదాకా తిన్న తిండి వేరు. రాగి సంగటి ముద్దలో ఊరిబిండి పచ్చడి, ఆకుకూరతో పులగూర, ఎండుమిరపకాయ కొరుక్కుంటూ పప్పు. కారం లేని రోజున కంచం వైపు చూసి, "ఈ పొద్దు ఎవరికైనా జ్వరమా?" అని అడిగేవాడు. ఇప్పుడు ఆయన కంచంలో వార్చిన అన్నం, ఉప్పు లేని బీన్సు.

రోజూ పదకొండింటికి మొదలుపెట్టేదాన్ని. కిరసనాయిలు స్టవ్ మీద సత్తుగిన్నె పెట్టి, నీళ్ళు మరిగాక ముక్కలు వేస్తే బీన్సు ఒక్క నిమిషం చాలా పచ్చగా అవుతాయి. తోటలో ఉన్నప్పటికంటే పచ్చగా. ఆ తరవాత రంగు నీళ్ళలోకి దిగడం మొదలవుతుంది. సిబ్బి మూతపెట్టి వంచితే లేత ఆకుపచ్చ నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చేవి. రెండోసారికి నీళ్ళు పసుపురంగులో ఉండేవి. ముక్కలు మాత్రం నానిన కాగితంలా తయారయ్యేవి. అవి తీసి కంచంలో పెట్టేటప్పుడు నాకేమీ అనిపించేది కాదు. మొదటి వారం అనిపించిందేమో. తరవాత పళ్ళు తోముకున్నట్టు అదొక పని.

నాయన తల్లి, మా అవ్వ, మాతోనే ఉండేది. కార్వేటినగరం పక్క పల్లె నుంచి కోడలుగా వచ్చిన మనిషి. కరువు చూసింది. ఏ కూరగాయ ఉడికిన నీళ్ళైనా మిరియాలు దంచి వేసి చారు కాచేది గానీ పారబొయ్యడం ఆమె ఎరగదు. నేను మొదటిరోజు గిన్నె తీసుకుని పెరటి తూము దగ్గరికి వెళ్తుంటే గడపలో అడ్డం నిలబడింది.

"యాడికి తీసకపోతా ఉండావు పాపా?"

"పారబొయ్యాలవ్వా. డాక్టరు చెప్పినాడు."

"సారమంతా దాంట్లోనే కదా ఉండేది. సారం తూముకు పోసి నా కొడుక్కు పిప్పి పెడతావా?"

నేను డాక్టరు చెప్పింది చెప్పాను. పూర్తిగా చెప్పలేదు. గుండె సంగతి చెప్పలేదు, తల్లి కదా అని. ఆ నీళ్ళు నాయనకు పడవు అన్నాను, అంతే. ఆమె గిన్నెలోకి కాసేపు చూసి పక్కకు జరిగింది.

కొన్నాళ్ళకు అవ్వే నా చేతిలోంచి గిన్నె తీసుకోవడం మొదలుపెట్టింది. "ఇటియ్యి, నేను పోసొస్తా. నువ్వు రెండో ఎసురు సూసుకో" అనేది. నాకు ఒక పని తగ్గింది. అంతకుమించి ఆలోచించలేదు.

వానలు మొదలయ్యే వేళకు నాయనకు వాపు ఎక్కువైంది. కాళ్ళలో బలం లేదనేవాడు. మళ్ళీ వేలూరు వెళ్ళాం. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కొబ్బరినీళ్ళు తాగుతున్నాడా, పళ్ళ రసం ఏమైనా ఇస్తున్నారా అని అడిగాడు. అమ్మ లేదంది. కూరగాయలు వార్చే పెడుతున్నారా అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. నాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

తిరుగు బస్సులో అమ్మ నా పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక, "సరిగ్గానే వారుస్తా ఉండావు కదమ్మా?" అంది. ఆ అడగడంలో కోపం లేదు.

"రెండుసార్లూ వారుస్తా ఉండాను."

మరునాటి నుంచి మూడుసార్లు ఉడికించాను. ముక్కలు చేత్తో పట్టుకుంటే చితికిపోయేవి. నాయన అవి కూడా తినేవాడు.

ఒక మధ్యాహ్నం నేను రేషను కిరసనాయిలు కోసం డబ్బా తీసుకుని వెళ్ళాను. బండి రాలేదన్నారు. వెంటనే తిరిగొచ్చాను. వాకిలి తలుపు తీసే ఉంది. నడవలో మంచం మీద నాయన కూర్చుని ఇత్తడి లోటా ఎత్తి తాగుతున్నాడు. పక్కన అవ్వ పీట మీద కూర్చుని, ఆయన వీపు నిమురుతోంది. మిరియాల వాసన వస్తోంది. జీలకర్ర వాసన కూడా.

నన్ను చూసి అవ్వ చెయ్యి తీసింది. నేను దగ్గరికి వెళ్ళి లోటాలోకి చూశాను. అడుగున ఇంకా కొంచెం ఉంది. లేత ఆకుపచ్చ.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగాను.

"ఉప్పు ఎయ్యలేదు పాపా," అంది అవ్వ. "చింతపండు కూడా ఎయ్యలేదు. వద్దన్నవి ఏమీ ఎయ్యలేదు. ఒట్టి మిరియాలు, జీలకర్ర. అంతే."

నాయన లోటా కింద పెట్టాడు. పంచె కొసతో మూతి తుడుచుకున్నాడు.

"నీకు తెలుసు కదా నాయనా," అన్నాను. "డాక్టరు చెప్పేటప్పుడు నువ్వూ ఉండావు."

"తెలుసు."

"మరి?"

అవ్వ లేచి లోటా తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆమె లోపలికి వెళ్ళేదాకా నాయన ఆగాడు.

"మొదటి పొద్దు ఆమె తెచ్చిచ్చినప్పుడు వద్దందామనే అనుకున్నా. నోటికి అన్నాళ్ళ తరవాత రుచి తగిలింది పాపా. వద్దని చెప్పలేకపోయినాను." ఊపిరి తీసుకుని, "మీ అమ్మకు చెప్పబాక. ముసిలామెను ఏమన్నా అంటాది," అన్నాడు.

అమ్మకు చెప్పలేదు. అవ్వకు మాత్రం ఆ సాయంత్రమే, ఆమె బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని, ముందే చెప్పవలసింది చెప్పాను. ఆ నీళ్ళు ఆయన గుండెకు విషమని. ఆమె ఏరడం ఆపలేదు. చేట అటూ ఇటూ కదుపుతూనే ఉంది. కాసేపటికి చూస్తే ఏరిన రాళ్ళూ బియ్యమూ మళ్ళీ ఒకటిగా కలిసిపోయి ఉన్నాయి.

అప్పటినుంచి ఆమె వంటింటి వైపు రాలేదు. నాయన తినేటప్పుడు ఎదురుగా కూర్చుని, ఆ ఉడికిన ముక్కలే తనకూ పెట్టమనేది. ఉప్పు వేస్తానన్నా వద్దనేది.

నాయన ఆ చలికాలంలో పోయాడు. పొద్దున తొమ్మిదింటప్పుడు, అమ్మ బడికి బయలుదేరుతుండగా, ఛాతీ పట్టుకుని పక్కకు ఒరిగాడు. ఊళ్ళో డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. ఇంటినిండా జనం వచ్చారు. ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. వాకిట్లో ఎవరివో కొత్త చెప్పులు బురదలో కూరుకుపోయి ఉంటే అవి తీసి గట్టు మీద పెట్టాను. పిల్ల రాయైపోయింది అన్నారు ఎవరో. రాయి అయితే బరువుండాలి. నాకు అదీ లేదు.

అవ్వ ఆ తరవాత ఆరేళ్ళు బతికింది. నాకు ఉద్యోగం వచ్చి తిరుపతికి మారితే అమ్మతోపాటు ఆమె కూడా వచ్చింది. ఆ నీళ్ళ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకే ఒక్కసారి, నేను ఆమె తలకు నూనె రాస్తుంటే, అటు తిరిగే అడిగింది.

"ఆ నీళ్ళ వల్లనేనా పాపా?"

"కాదవ్వా."

"డాక్టరు చెప్పినాడా?"

"చెప్పినాడు. ఆ జబ్బుకు ఎట్లా చేసినా అంతేనంట."

ఆమె తల ముందుకు వంచింది. నేను జుట్టు దువ్వి ముడి చుట్టాను. డాక్టరు అలా చెప్పలేదు. ఆయన్ను మేము మళ్ళీ కలవలేదు. నిజం ఏదో తెలుసుకోవాలంటే తెలుసుకునేదాన్నే. తిరుపతిలో నేను పనిచేసిన ఆఫీసు ఎదురుగానే ఒక డాక్టరు ఉండేవాడు, రోజూ పలకరించేవాడు. చాలా ఏళ్ళు ఆయన ముందు నుంచే వెళ్ళాను, వచ్చాను. అడగలేదు.